రూలులో లేని అల్లుడు

మా సహకార బ్యాంకు డైరెక్టర్ల సమావేశానికి బయల్దేరేముందు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను కానీ, ఏం కోరుకోవాలో తోచలేదు. అంతకుముందే అమ్మాయి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆయనకి ఈ పోస్టు రాకపోతే ఇంట్లో నా మొహం చూసేవాళ్ళుండరు. నువ్వు చెయ్యెత్తితే చాలటగా?"

పోస్టంటే తనిఖీ అధికారి. శాఖల్లో ఎవరు తప్పు చేసినా, చివరికి ఛైర్మన్ గారు చేసినా, పట్టుకోవాల్సిన మనిషి. ఇంతకుముందున్నాయన ఛైర్మన్ గారి నిర్ణయాల మీద ప్రశ్నలు వేసి, ఉన్నట్టుండి రాజీనామా చేశాడు. అప్పటినుంచి బ్యాంకులో గుమాస్తాలు కూడా గోడవైపు తిరిగి మాట్లాడుకుంటున్నారు. ఇప్పుడు ఆ కుర్చీకి ఛైర్మన్ గారు ప్రతిపాదించింది తన కొడుకుని. ఆ కొడుకే నా అల్లుడు. తెలివైనవాడు, చెడ్డవాడు కాదు. కానీ తండ్రి తప్పుని కొడుకు రాయగలడా? ఆ ప్రశ్నే నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

మేం ఐదుగురు డైరెక్టర్లం. సొంతవాళ్ళ విషయం వస్తే ఆ డైరెక్టరు గది బయటికి వెళ్ళాలని నియమం. చివరి అంశంగా ఈ సంగతి రాగానే ఛైర్మన్ గారు లేచి, నా కుర్చీ దగ్గర ఆగారు.

"చెల్లెమ్మా, నేను బయట కూర్చుంటా. మీరుండండి."

"నేనూ రావాలేమో అన్నయ్యగారూ? అల్లుడు కదా."

"రూలులో కొడుకు, కూతురు, అన్నదమ్ములు అనే ఉంది. అల్లుడి మాట లేదు. దాని ప్రకారం వాడు మీకు పరాయివాడే."

పక్కనున్న మందుల షాపాయన నవ్వాపుకోలేకపోయాడు. "ఈ సంగతి ముందే తెలిస్తే అక్కగారు ఇన్నాళ్ళూ అల్లుడికి అన్ని మర్యాదలు చేసేవారే కాదు!"

ఛైర్మన్ గారు నవ్వలేదు. తలుపు మూసుకుని వెళ్ళారు.

మిగిలిన ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. నేను చెయ్యెత్తితే వాళ్ళూ ఎత్తుతారు. వియ్యాలవారి మధ్య ఎవరు తలదూరుస్తారు? సంచి తీసుకున్నాను, మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీసుకున్నాను.

"ఎక్కడికక్కా?" అంది రిటైరైన టీచరమ్మ.

"వాణ్ణి పరాయివాడనుకోడానికి మనసొప్పడం లేదమ్మా. మీరు ముగ్గురూ తేల్చండి. నా మొహం చూసి మాత్రం వద్దు."

బయట బెంచీ మీద ఆయన పక్కనే కూర్చున్నాను. ఆయన ముఖం నల్లబడింది.

"ఏంటిది చెల్లెమ్మా? మీ బిడ్డ మా ఇంట్లో ఉందని మర్చిపోయారా?"

"మర్చిపోతే లోపలే ఉండేదాన్ని."

లోపల గొంతులు లేచాయి. టీచరమ్మ ఏదో నిలదీస్తోంది. మందుల షాపాయన బల్ల చరుస్తున్నాడు. ఆ గదిలోంచి అంత గట్టిగా మాటలు రావడం నేనెన్నడూ ఎరగను. భయమేసింది. ఎందుకో కాస్త ఊపిరి కూడా ఆడింది.

కాసేపటికి టీచరమ్మ తలుపు తీసింది. "బయటినుంచి దరఖాస్తులు పిలుద్దామనుకున్నాం. డైరెక్టర్ల బంధువులెవరూ వద్దని ముగ్గురిదీ ఒకటే మాట."

ఛైర్మన్ గారు లేచారు. "ఇంటికెళ్ళి మీ అమ్మాయికేం చెప్పమంటారు?"

"మీరేం చెప్పొద్దు. నేనే వచ్చి చెప్తా. అల్లుడి ముందే చెప్తా."

"రండి," అన్నారు, రమ్మన్నట్టు లేదు. లిఫ్టు ఎక్కి, నాకోసం ఆగకుండానే బటన్ నొక్కారు.

నేను మెట్లు దిగడం మొదలుపెట్టాను. అమ్మాయి తలుపు తీస్తుందో, తీయదో.