తెల్లమద్దిలో వేగి పేళ్లు

చనిపోయిన మనిషి బేరానికి వస్తే ఏం తూచి ఇవ్వాలో మునివెంకటప్పకు తెలియలేదు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర అతనిది మూలికల కొట్టు. రిటైరైన పంతులు శఠగోపం ఎదనొప్పికి తెల్లమద్ది చెక్కపొడి కోసం ప్రతి శనివారం అక్కడికి వచ్చేవాడు. ఆషాఢంలో పోయాడు. పోయాక కూడా శనివారం పొద్దున గడప దగ్గర వెలుగు తగ్గేది, చేతిసంచి విదిలించిన చప్పుడయ్యేది. మునివెంకటప్ప తలెత్తకుండా తక్కెడ తుడుస్తూ కూర్చునేవాడు.

ఆ భయానికి కారణం ఉంది. తెల్లమద్ది దొరకడం కష్టమై, రెండేళ్లపాటు అందులో వడ్రంగి కుప్పయ్య వేగి మాను చెక్కి పారేసిన పేళ్లు దంచి కలిపాడు. ఒకరోజు శఠగోపం కషాయం గ్లాసు తెచ్చి ఎండకు పట్టి చూపించాడు. అంచున నీలం మెరిసింది. తిట్టలేదు. "ఇదేందప్పా, నెమలి మెడ మాదిరి ఉండాది" అని నవ్వాడంతే. ఆ నవ్వుకు సిగ్గుపడి, ఉగాది నుంచి ఆయనకు అసలు సరుకే ఇచ్చాడు. మూడు నెలలకే మనిషి పోతే, రెండేళ్ల కల్తీయే ఆ గుండెను తినేసిందని లెక్క కట్టుకున్నాడు. ఆ తర్వాత ఎవరికీ కలపలేదు. మిగిలిన పేళ్లు గోతాంలో మూలన పడి ఉన్నాయి.

కార్తీకంలో శఠగోపం కొడుకు దేవనాథన్ వచ్చాడు. కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాడు. వనస్పతి మేపి కుందేళ్లకు కొలెస్ట్రాల్ పెంచాడట. తండ్రి 'నీలం' అని రాసి దాచిన పాత పొట్లంలోని పొడి పెడితే అది సగానికి దిగిందట. అదే సరుకనుకుని పోయిన నెల ఇక్కడ కొన్న పొడితో మాత్రం చుక్క కూడా తగ్గలేదట.

"మా నాయనకు మంచిది ఇచ్చి, నాకు మాత్రం కల్తీది అంటగడతావా అప్పా?"

నలభై ఏళ్ల వ్యాపారంలో కల్తీ అన్న నింద మునివెంకటప్ప మీద ఎన్నిసార్లు పడినా, అబద్ధమైంది ఈ ఒక్కసారే. నోరు మూసుకుంటే నింద ఈ ఒక్కడితో పోయి కొట్టు పేరు నిలుస్తుంది, కాని అసలు మందేదో తెలియకుండా మట్టిలో కలుస్తుంది. చెబితే రేపటి నుంచి ఈ వీధిలో ఎవరూ అతని గడప తొక్కరు.

"నీకిచ్చిందే అసలు సరుకు సామీ. మీ నాయన పొట్లంలో వేగి పేళ్లు కలిపినాను."

దేవనాథన్ చీటీ తీసి 'వేగి' అని రాసుకున్నాడు. కోపం లేదు, దొరికిందన్న ఆత్రమే. మెట్టు దిగబోయి ఆగాడు.

"నాయనకు కడదాకా ఈ వేగి కలిపిందే ఇచ్చినావు గదా?"

ఔనంటే చాలు, కొడుకు నిమ్మళంగా ఇంటికి పోతాడు. ఇన్నాళ్లూ తను కట్టుకున్న లెక్క తలకిందులై కళ్లముందు నిలబడింది.

"లేదు. ఉగాదికి మానేసినాను. ఆయన గ్లాసు సూపిస్తే సిగ్గేసింది."

దేవనాథన్ పెదవులు ఒక్కో నెలా లెక్కపెట్టాయి. ఆషాఢం దగ్గర ఆగిపోయాయి. మొహం వీధివైపు తిప్పుకొని, తెల్లమద్దీ వేగీ రెండూ వేరేవేరేగా కట్టివ్వమన్నాడు.

మునివెంకటప్ప గోతాం విప్పాడు. పొట్లాలు మడిచాడు గాని, దారం ఎంతకీ ముడిపడలేదు.