ఎనక అడుగుల చప్పుడు

కరెంటు పోతే చాలు, మునీంద్ర ఇంట్లో తండ్రీకూతుళ్లు కలిసి మనుషుల్ని కాలుస్తారంట. పక్కింటి కుప్పమ్మ కొళాయి కాడ చెప్పిందంట. "ఆ పిల్ల 'ఎనకాల నాయనా, ఎనకాల' అని గొంతు చించుకుంటాది. ఆయప్ప ఉలకడు, పలకడు. కూతురి మింద ఏం కోపమో!" అని కూడా అన్నదంట.

కుప్పమ్మ మాటలో ఎప్పుడూ సగం నిజం ఉంటుంది. ఈసారి ఇంకొంచెం ఎక్కువే ఉంది.

మరమగ్గాలు ఆడుతున్నంతసేపు నగరిలో ఎవరికీ తీరిక ఉండదు. కరెంటు పోతేనే ఆట. డిగ్రీ చదివే కూతురు మోనిక ఫోన్లో రెండు తుపాకీ ఆటలున్నాయి. రెండింట్లోనూ తెర మీద తుపాకీ, దాన్ని పట్టుకున్న చేతులు కనబడతాయి గానీ మనిషి కనబడడు. ఆ మనిషి మనమే. ఫోన్లో చోటు చాలక ఇప్పుడు ఒకదాన్ని తీసేయాల్సొచ్చింది.

"ఎడారి ఆట ఉంచు పాపా. మంచుది దండగ," అన్నాడు మునీంద్ర.

"అసలైన ఆట మంచుదే నాయనా. ఎడారిలో ఎవుడొచ్చినా ఎర్రబాణం సూపిస్తాది. మంచులో మనమే కనిపెట్టుకోవాల."

"కనిపెట్టేదానికి ఏముండాది ఆడ? అంతా తెలుపే. దొంగ నాయాళ్లు ఎనక నించి వచ్చి కాలుస్తారు."

ఎడారిలో ఆయన్ని కొట్టేవాడు లేడు. పరుగెత్తే మగ్గంలో తెగిన పోగును పట్టే కన్ను కదా. మంచులో మాత్రం దారినపోయే ప్రతివాడూ ఆయన వీపులో కాల్చి పోయేవాడు.

"ఇంకొక్కసారి ఆడు. తరవాత తీసేద్దాం," అని మోనిక ఫోను సౌండు పూర్తిగా పెంచి ఆయన చేతికిచ్చింది. మధ్యాహ్నం, వీధిలో మగ్గాలన్నీ ఆగున్నాయి. ఫోన్లో ఎవరో కరకరా మంచు తొక్కుకుంటూ వస్తున్నారు. ఆ చప్పుడు గోడ అవతల కుప్పమ్మకి కూడా వినబడుంటుంది.

"నాయనా, ఎనక!"

మునీంద్ర తల తిప్పలేదు. వీపులో కాల్చేశారు.

"సూసినావా! చెప్పా పెట్టకుండా వచ్చినాడు!"

మోనికకి అనుమానమొచ్చింది. తరవాత వెనక్కి జరిగి, మామూలు గొంతుతో, "కాఫీ తాగుతావా నాయనా?" అంది. కాఫీ అంటే నిద్రలోంచి లేచొచ్చే మనిషి. ఇప్పుడు తలెత్తకుండా ఆట మళ్లీ మొదలుపెట్టుకుంటున్నాడు.

మగ్గాలింట్లో చెవుడు ఎవరికి తెలుస్తుంది? ఆ మోతలో నోటితో మాట్లాడేదెవరు? అన్నానికి రమ్మనాలంటే చెయ్యి నోటి కాడికి, నూలు కండె మార్చాలంటే వేలు గిర్రున. ఇంటిల్లిపాదీ సైగలతోనే బతికినారు.

మోనిక ఎదురుగా వచ్చి తన చెవి చూపించి చెయ్యి అడ్డంగా ఊపింది. మునీంద్ర ఫోను దించాడు. మనిషి ఎప్పట్నించో దాస్తున్నట్టే ఉన్నాడు.

"మగ్గానికి కండ్లు చాలు పాపా."

"తిరపతిలో డాక్టరుకి సూపిద్దాం."

పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. "చెవిలో మిషను పెట్టుకోని మగ్గాల షెడ్డులోకి పోతే నవ్వుతారు. వద్దు. నువ్వు మంచుదాన్ని తీసెయ్."

మోనిక ఎడారి ఆట తీసేసింది.

"అయ్యో, అదెందుకు తీసినావు?"

"బాణం సూపిస్తా ఉంటే నీకు నేనెందుకు నాయనా?" అని పోయి ఆయన వెనక కూర్చుంది. మంచులో అడుగులు ఎడమ పక్క వినబడితే ఎడమ భుజం తట్టింది, కుడి పక్కయితే కుడి భుజం. మునీంద్ర గిరుక్కున తిరిగి కాల్చాడు. ఇంకొకణ్ణి. ఇంకొకణ్ణి. వెనక నించి వచ్చినవాడు ఒక్కడూ మిగల్లేదు. చిన్నపిల్లోడి మాదిరి పకపకా నవ్వినాడు.

గడప కాడ రాట్నం మీద కండెలు చుడుతున్న పెళ్లాం వైపు ఫోను తిప్పి చూపించాడు. "సూసినావా ఉదయా! చెవుల్లేకుండానే గెలిసినా!"

ఉదయలక్ష్మి రాట్నం ఆపింది. లేచొచ్చి, ఆయనకి పెదాలు కనబడేలా ఎదురుగా నిలబడింది.

"ఆటలో పాప తడతాది. పుత్తూరు రోడ్డు మింద ఎనక లారీ వస్తే ఎవురు తడతారు?"