పదకొండు నిమిషాల నడక

నేను ఒక సినిమా రీలును. పద్నాలుగు రీళ్ల నలుపు తెలుపు చిత్రంలో ఏడోదాన్ని. నాలో ఎవరూ చావరు, ఎవరూ కొట్టుకోరు, ఎవరూ పాడరు. ఉప్పుమడుల్లో కూలి చేసే ఒక స్త్రీ, విప్పని ఉత్తరాన్ని కొంగున ముడివేసుకుని, గట్ల మీదుగా ఇంటికి నడుస్తుంది. పదకొండు నిమిషాలు నడుస్తుంది. ఇది నా లోపమని చాలామంది తేల్చారు. వారిలో సగంమంది నన్ను చూడలేదు. మిగిలిన సగం చూస్తూ వేరుశనక్కాయలు ఒలుచుకున్నారు.

మద్రాసులో ఒక ల్యాబులో, రసాయనాల తొట్టెలో పుట్టాను. నా అంచున సన్నని చారగా సంగీతాన్ని ముద్రించారు. దాని సంగతి నేనే వివరంగా చెప్పాలి, ఇంకెవరూ చెప్పలేదు గనుక. మొదటి మూడు నిమిషాలు వాద్యమే లేదు. మడిలోకి నీరు తోడే ఏతం కిర్రుమంటుంది, నీరు పడుతుంది. ఒక కిర్రుకూ మరో కిర్రుకూ నడుమ ఉన్న ఎడమే తాళం. నాలుగో నిమిషంలో ఆ తాళాన్ని ఒక వయొలిన్ అందుకుంటుంది, అడుగు వేయాలా వద్దా అని తడబడుతున్నట్టు. ఆమె ఆగి కొంగు తడుముకున్న చోట అదీ ఆగుతుంది. ఉత్తరం విప్పదు. మళ్లీ నడుస్తుంది. దీనికోసం సంగీత దర్శకుడు ఇరవై రోజులు ఉప్పుమడుల గట్టున కూర్చున్నాడట. సమీక్షకుడొకాయన "నేపథ్య సంగీతం ఫరవాలేదు" అని మూడు మాటల్లో ముగించాడు.

ఊరూరా తిరిగి సముద్రతీరపు ఊరొకదాని టాకీసుకు చేరాను. రెండు రోజులు నన్ను పూర్తిగా వేశారు. బెంచీల్లో ఈలలు పడ్డాయి. మూడో రోజు మేనేజరు వీరరాఘవులు క్యాబిన్‌లోకి వచ్చి ఆపరేటర్ మస్తాన్‌తో అన్నాడు:

"ఏడో రీలు వదిలెయ్. ఆరు కాగానే ఎనిమిది ఎక్కించు."

"సంగీతమంతా అందులోనే గదండీ!"

"సంగీతం రేడియోలో వింటార్లే. ఆవలించి ఆవలించి జనానికి దవడలు పట్టుకుపోతున్నాయి."

నిదానంగా నడిచే రీలును మింగెయ్యడం టాకీసులకు అలవాటే. ఎవరూ అడిగేవారు కాదు. ఒక ఊళ్లో వదిలేశారని తెలిస్తే తరవాతి ఊళ్లోనూ వదిలేస్తారు. ఆపైన పెట్టెలో ప్రయాణమే తప్ప తెర ఉండదు. ఆ మధ్యాహ్నంతో నా బతుకు ముగియబోతోంది.

వాన పడి మడుల్లో పని ఆగడంతో ఆనాటి మ్యాట్నీకి కూలి ఆడవాళ్లు పాతికమంది వచ్చారు. ముందురోజే చూసిన నాంచారమ్మ మిగతావారిని వెంటబెట్టుకొచ్చింది. ఆరో రీలు చివర తెరమీది స్త్రీ ఉత్తరాన్ని కొంగున ముడివేసింది. మరుక్షణం, ఎనిమిదో రీలులో, ఇంటి గడపలో కూర్చుని దాన్ని చదివించుకుంటోంది. కుర్చీల్లోని చదువుకున్నవారికి ఏ వెలితీ తోచలేదు.

"ఏందిది? మడి దాటకుండా ఇంటికెట్టా వచ్చింది, ఎగిరొచ్చిందా?" నాంచారమ్మ గొంతు క్యాబిన్ దాకా వినిపించింది.

"నడుస్తదని చెప్పావు గదక్కా, ఏదీ?"

"నిన్న నడిచిందే! ఇయ్యాల ఈళ్లు మింగేశారు. ఆపండయ్యా బొమ్మ!"

లైట్లు వెలిగాయి. వీరరాఘవులు పరుగున వచ్చాడు.

"ఏముందమ్మా అందులో? నడుస్తుంది, అంతేగా!"

"మేమూ అంతేగా సారూ. రోజూ నడుస్తాం. ఒక్కనాడన్నా ఎవురన్నా కూసుని చూశారా? ఇన్నాళ్లకి ఒకాయన చూసి, దానికి వాయిద్యం గూడా కట్టాడు. మీరు ఏస్తే చూస్తాం. ఎయ్యకపోతే ఇక్కడే కూసుంటాం, లేవం."

మేనేజరు జవాబు కోసం మస్తాన్ ఆగలేదు. నన్ను డబ్బాలోంచి తీసి ఎక్కించాడు.

ఏతం కిర్రుమంది. హాల్లో ఒక్క ఈల లేదు. వయొలిన్ ఆగినచోట పాతికమంది ఊపిరి బిగబట్టారు. గట్టు జారే చోటు రాగానే "చూసుకో తల్లీ, చూసుకో" అంది ఎవరో. నా మీద వచ్చిన విమర్శల్లో అంత సూక్ష్మమైనదాన్ని నేను మళ్లీ వినలేదు.

ఇప్పుడు ఒక చిత్రభాండాగారంలో, చల్లని గదిలో ఉన్నాను. కుంచించుకుపోయాను, నన్నిక ప్రొజెక్టరుకు ఎక్కించలేరు. కంప్యూటర్లోకి నా నకలు తీస్తూ, రెండు నిమిషాలు తగ్గిస్తే నేటివారికి నచ్చుతానని పండితులు చర్చిస్తున్నారు. ఏ రెండు నిమిషాలో వారికి ఇంకా తేలలేదు. తేలదు. ఏ అడుగు తీసేసినా, ఆమె మడిలోనే ఉండిపోతుంది.