మొగుడి గుండె చూసిన పూట

బాజీ రొమ్ము పట్టుకుని మంచం మీద కూలబడే వేళకు మస్తాన్‌బీ రోట్లో గోంగూర నూరుతోంది. బండ అక్కడే వదిలేసి పరిగెత్తింది. అత్త అమీనా బీ పెట్టిన కేకకు వీధి వీధంతా వచ్చిపడింది. బాజీ పనిచేసే లారీ షెడ్డు వాళ్లు జీపు తెచ్చారు. కోటప్పకొండ తిరునాళ్లకు ఎక్కినట్టు అందరూ ఎక్కేశారు.

జీపులో భర్త తల ఒళ్లో పెట్టుకుని మస్తాన్‌బీ ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. ఇరవై రెండేళ్ల కాపురం మరి. కానీ ఆ ఏడుపు అడుగున ఇంకొకటి కదులుతోంది. తనకు రొమ్ములో నొప్పి మొదలై మూడు నెలలు. నీళ్ల బిందె ఎత్తితే చాలు, ఎడమ చెయ్యి దాకా లాగుతుంది, చెమటలు పోస్తాయి. ఎవరూ జీపు తేలేదు. "గ్యాసే అది. కాస్త వాము నమిలి పని చూసుకో," అన్నాడు బాజీ, పళ్లెంలోంచి తలెత్తకుండానే. "నీ వయసులో నేను రెండు బర్రెలకు గడ్డి మోసేదాన్ని," అంది అత్త.

నరసరావుపేట నర్సింగ్ హోంలో డాక్టరు ముందు ఇ.సి.జి. తీశాడు. గీతల్లో ఏమీ తేలలేదు. అది ఎనభై ఏడో సంవత్సరం; గుండెను తెర మీద చూపించే కొత్త మిషను ఆ నెలలోనే అక్కడికి వచ్చింది. "గుండెనే చూద్దాం పదండి," అని చీకటి గదిలోకి తీసుకెళ్లాడు. బాజీని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, నర్సు చేత రొమ్ముకు జిగురులాంటిది పూయించి, చిన్న పిడి ఆనించాడు. టీవీ లాంటి తెర మీద గుండె కొట్టుకుంటూ కనిపించింది.

"గుండెపోటైతే దెబ్బతిన్న చోట గోడ సరిగా కదలదమ్మా. చూడు, మీ ఆయనది అన్ని పక్కలా ఎంత బాగా కదులుతోందో! ఇది వట్టి గ్యాసు."

గుమ్మంలో అమీనా బీ 'యా అల్లా' అని కొంగు కళ్లకద్దుకుంది. మస్తాన్‌బీకి ఒళ్లంతా తేలికపడింది. మరుక్షణమే కడుపు మండింది. సిగ్గు కూడా వేసింది. చావు తప్పిన మొగుణ్ణి చూసి ఏ ఆడదైనా కుళ్లుకుంటుందా? తను కుళ్లుకుంది. ఆయనది గ్యాసని తేల్చడానికి జీపు, డాక్టరు, ఇంత మిషను కావాల్సి వచ్చాయి. తనది గ్యాసని తేల్చడానికి మొగుడికి అన్నం ముద్ద మింగేంత సేపు కూడా పట్టలేదు.

"పదవే, ఇంటికి పోదాం. ఆకలేస్తంది," అన్నాడు బాజీ, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

మస్తాన్‌బీ కదల్లేదు. "డాక్టరు గారూ, నాది కూడా చూడండి. నాకూ నొప్పొస్తంది."

"ఏందే, నీకేమన్నా పిచ్చా? మగ డాక్టరు ముందర రవిక తీస్తావా?" అంది అత్త.

"నర్సమ్మ ఉంది గదత్తా," అంటూ మస్తాన్‌బీ బల్ల ఎక్కింది. ఎవరూ చెప్పకుండానే ఎడమ పక్కకు తిరిగి పడుకుంది. నర్సు దుప్పటి కప్పింది.

డాక్టరు ఈసారి తెరకు దగ్గరగా వంగాడు. పిడిని ఒకే చోట తిప్పి తిప్పి చూశాడు. మస్తాన్‌బీ కూడా చూసింది. ఒక పక్క గోడ కదలీ కదలనట్టుంది. దానర్థం ఏమిటో ఇందాకే విన్నది.

డాక్టరు తల తిప్పి బాజీని అడిగాడు: "ఈమెకు నొప్పి ఎన్నాళ్ల నుంచి?"

బాజీ తల్లి వంక చూశాడు.

"ఆయనకేం తెలుసు సార్," అంది మస్తాన్‌బీ. "నొప్పి నాది. నన్నడగండి."