తెరచాప మీది గీత

టంకశాలలో అందరూ ఆమెని అచ్చులమ్మ అంటారు. అసలు పేరు జీతాల రిజిస్టరుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ప్రెస్సులో పైనొకటి, కిందొకటి ఉక్కు అచ్చులుంటాయి. మధ్యలో బిళ్ల పడగానే ఒక్క దెబ్బ. బిళ్ల కాస్తా నాణెమైపోతుంది. దెబ్బ తినేది బిళ్ల ఒక్కటే అనుకుంటారు చూసేవాళ్లు. అచ్చు మాత్రం తినదా? లక్షల దెబ్బలు తిన్నాక దానికీ వయసు మీద పడుతుంది. ఎప్పుడు దాన్ని దించేయాలో భూతద్దం పెట్టి చూసి చెప్పడమే అచ్చులమ్మ పని. పదిహేడేళ్లుగా చేస్తోంది. తన చూపు మీద ఆమెకి కాస్త పొగరు కూడా ఉంది. ఉండనివ్వండి, కష్టపడి సంపాదించుకున్న పొగరే.

ఆ ఆదివారం అక్కావాళ్లింటికి వెళ్లేసరికి బావ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. బావ బస్సు కండక్టరు. మామూలుగా అయితే ఆ ఇంట్లో ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండదు. అలాంటి మనిషి పలకరించినా ఇటు తిరగలేదు.

"పది రోజులైందే, డ్యూటీలోంచి ఆపేశారు," అంది అక్క కొంగుతో కళ్లొత్తుకుంటూ. "సంచీలో ముప్ఫై ఒక్క దొంగ నాణేలు దొరికాయట. ఎల్లుండి విచారణ. ఆనాటి నుంచీ సరిగా అన్నం ముట్టట్లేదు. నీకు చెప్తే ఒట్టేనన్నారు."

"చెప్తే ఏం చేస్తుంది?" అన్నాడు బావ గోడతోనే. "చిల్లర కోసం ప్రయాణికులతో గొడవెందుకని డిపో ఎదురు కొట్లో కొత్త నాణేల చుట్ట మార్చుకున్నాను. అన్నిటి మీదా ఒకటే గీత. కొట్టువాడేమో నేనివ్వలేదు పొమ్మన్నాడు. ఇరవై రెండేళ్ల సర్వీసమ్మా. నిన్న పక్కింటాయన నా దగ్గర చిల్లర తీసుకుని, ఒక్కో నాణేన్నీ తిప్పి తిప్పి చూసుకున్నాడు."

చొక్కా జేబులో ఒకటి మిగిలిపోయిందంటే అచ్చులమ్మ దాన్ని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. భూతద్దం ఆమె చేతిసంచీలో ఎప్పుడూ ఉంటుంది, కొందరి సంచీలో దువ్వెన ఉన్నట్టు. నాణెం మీద పడవ బొమ్మ. తెరచాప కొస నుంచి అంచు దాకా వెంట్రుకంత గీత. గీత లోపలికి లేదు, పైకి లేచి ఉంది. ఎవరైనా గీకితే గాడి పడుతుంది గానీ ఇలా లేవదు. అంచు దగ్గర అక్షరాల చుట్టూ సన్నటి జాడలు, అన్నీ మధ్యలోంచి బయటికి పరుగెత్తినట్టు.

"బావా, లే. ఇలా రా," అంది. "ఇది మా దగ్గర కొట్టిన నాణెమే. నికార్సయింది."

బావ లేచి కూర్చున్నాడు.

"దెబ్బ పడగానే లోహం ఒత్తిన పిండిలా పక్కలకి పారుతుంది. పారిన ప్రతిసారీ అచ్చుని కాస్త కాస్త ఒరుసుకుంటూ పోతుంది. ముసలి అచ్చయితే ఆ జాడలు నాణెం మీద కూడా తేలతాయి. పోతపోసిన దొంగ నాణేనికి ఇవి రావు. ఇక ఈ గీతంటావా, అచ్చు చిట్లింది. చిట్లిన సందులోకి లోహం దూరి పైకి లేచింది."

"అంటే నేను..." అన్నాడు బావ. అక్క వచ్చి చెల్లెల్ని గట్టిగా వాటేసుకుంది. నా నెత్తిన పాలు పోశావే తల్లీ అని ఒకటే ఏడుపు.

సరిగ్గా అప్పుడే అచ్చులమ్మకి గుర్తొచ్చింది. పడవ బొమ్మ. నాలుగో నంబరు ప్రెస్సు. నెల కిందట ఆ అచ్చుని సాయంత్రం దించినప్పుడు పగులు చూసింది తనే. ఇప్పుడే చిట్లినట్టుందని రిజిస్టర్లో రాసింది తనే. ఆ రోజు మధ్యాహ్నం తనిఖీకి వెళ్లేసరికి ఆకలి దంచేస్తోంది. పొద్దున చూసిన అచ్చే కదా అని భూతద్దం తీయకుండానే 'బాగుంది' అని సంతకం గీకి అన్నానికి పోయింది. ఆ పూట కొట్టినవన్నీ కరిగించాల్సినవి. బజారుకి పోయాయి. ఒక్క పూట అన్నం కోసం బావ పది రోజులు అన్నం మానేశాడు.

ఇంటికొస్తుంటే దారంతా ఒకటే ఆలోచన. దించేసిన అచ్చుల ముఖాలు ప్రతి నెలా ఒక సోమవారం సానరాయి మీద అరగదీసి పారేస్తారు. ఆ సోమవారం రేపే. ఆ పడవ ముఖం కాస్తా అరిగిపోతే బావ మాట నమ్మేవాడుండడు, తన తప్పు అడిగేవాడూ ఉండడు. ఇంత నీచమైన ఆలోచన తనకెలా వచ్చిందా అని ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది.

మర్నాడు తలుపులు తీయకముందే అచ్చుల గది ముందు నిలబడింది. గది పెద్ద మేస్త్రీది. ఆయన నవ్వగా చూసినవాళ్లు టంకశాలలో లేరు. ఇంకో ఐదు నెలల్లో రిటైరవుతాడు. ఆమె నాణెం బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేసింది, ఆకలి సంగతితో సహా.

మేస్త్రీ లేచాడు. దించేసిన అచ్చుల పెట్టెలోంచి పడవ అచ్చు వెతికి తీశాడు. దాని ముఖం మీద మెత్తటి మైనం ముద్ద నొక్కి, ఊడదీసి, నాణెం పక్కన పెట్టాడు. తెరచాప కొస, గీత, గీత మధ్యలో చిన్న వంపు. అచ్చుగుద్దినట్టు సరిపోయాయి.

"గంట ఆలస్యంగా వచ్చుంటే దీనికి ముఖమే ఉండేది కాదు," అన్నాడు.

"తెలుసండీ. అందుకే గంట ముందొచ్చాను."

పక్క గదిలో సానరాయి తిరగడం మొదలైంది. మేస్త్రీ రిజిస్టరు తెరిచి ఆ తేదీ దగ్గర వేలు పెట్టాడు. తనిఖీకి రెండు సంతకాలుండాలి. ఒకటి చూసినవాళ్లది, దాని పక్కన మేస్త్రీది.

"నువ్వు చూసుంటావులే అని నేను పెట్టాను," అన్నాడు. "పదిహేడేళ్లలో నీ సంతకం పక్కన ఏనాడూ నేను మళ్లీ చూసింది లేదు. పెన్షన్ ముందు ఇదొకటి నా మెడకి చుట్టుకుంటుంది కదా?"

తన తప్పులో ఈ ముసలాయన కూడా ఉన్నాడని ఆమెకి తట్టనే లేదు. సానరాయి మీద మొదటి అచ్చు కీచుమంది. మేస్త్రీ పడవ అచ్చుని జేబురుమాల్లో చుట్టి సొరుగులో పెట్టి తాళం వేశాడు. తెల్లకాగితం తీసుకుని రాయడం మొదలెట్టాడు. ముందు తన పేరే రాశాడు.

"ఏం చూస్తున్నావు? మీ బావ పేరు చెప్పు. డిపో అడ్రసు కూడా," అని కసిరాడు. ఆ కసురు చెవికి అంత తియ్యగా వినబడుతుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

మంగళవారం టంకశాల ఉత్తరం, దాని వెనకాలే మైనం ముద్ద డిపోకి చేరాయి. మధ్యాహ్నానికల్లా విచారణ ఎత్తేశారు. అదే సాయంత్రం అచ్చులమ్మ అక్కావాళ్లింటికి వెళ్లింది. బావ గడ్డం గీసుకుని, యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నాడు. నోరు మళ్లీ మామూలుగా నడుస్తోంది. చెప్పకుండా వెళ్లిపోదామా అని ఆమెకి ఒక్క క్షణం అనిపించింది.

"బావా, ఆ అచ్చు బాగుందని సంతకం పెట్టింది నేనే. చూడకుండా పెట్టాను. నీ పది రోజులూ నా వల్లే."

ఇస్త్రీపెట్టె ఆగింది. అక్క చెల్లెలివంక, మొగుడివంక మార్చి మార్చి చూసింది. బావ ఇస్త్రీపెట్టెని పక్కకి నిలబెట్టాడు. అరిచినా బాగుండుననుకుంది అచ్చులమ్మ.

"ఇదంతా మీవాళ్లకి చెప్పేశావా?" అన్నాడు చివరికి.

"నిన్ననే రాసిచ్చాం. మేస్త్రీ గారూ నేనూ."

"మరి నీ ఉద్యోగం?"

"ఉంది బావా. ఏడాది ఇంక్రిమెంటు కోశారు. ఆయనకి మందలింపుతో సరిపెట్టారు. పెన్షన్‌కి ఢోకా లేదు."

"హమ్మయ్య!" అని బావ కుర్చీలో కూలబడ్డాడు.

మధ్యాహ్నం తన సంగతి తేలినప్పుడు కూడా మీ బావ ఇంత గట్టిగా అనలేదే అంది అక్క. అచ్చులమ్మ అప్పుడు ఏడ్చింది.