సోమక్క తాగిన పురుగుల మందు

సోమక్క నవ్వొస్తే ఆపుకోలేదు, కోపమొస్తే అసలే ఆపుకోలేదు. ఆ రోజు రెండూ కలిసే వచ్చాయి.

ఎండాకాలంలో గనులకు డీజిల్ మోసే ట్యాంకరు ఆవపల్లి మలుపులో బోల్తా పడి, నూనె కాస్తా ఆమెకున్న ఒక్క మడిలోకి దిగింది. తొలకరి పడ్డాక చూస్తే నీళ్ల మీద రంగురంగుల తెట్టు. నాట్ల వేళకు అది పోకపోతే ఈ ఏడు ఇంటికి గింజ రాదు. అప్పుడు ఊడిపడ్డాడు తమ్ముడు రామనర్సయ్య. గని షెడ్డులో మెకానిక్కు, ఊరి లెక్కలో సగం పిచ్చోడు. షెడ్డులో నూనె తాగి నల్లబడ్డ మట్టిని బెల్లం నీళ్లలో కలిపి, సైకిల్ పంపుతో గాలి కొట్టి కొట్టి, డ్రమ్ము నిండా ఏదో పెంచి తెచ్చాడు.

"ఏందిరా ఇది?"

"కంటికి కానరాని పురుగులక్కా. డీజిలే వాటికి బువ్వ. పోసి, బురద మంచిగ కలియదొక్కితే సాలు, మెల్లగ తింటయి."

"దీని పేరేంది?"

"పేరేముంది, పురుగుల మందు."

పురుగులతో చేసిన మందు అని వాడి ఉద్దేశం. ఊరికి మాత్రం పురుగుల్ని చంపే మందు ఒక్కటే తెలుసు. కింది మడి ఆమె, హిడ్మే, వచ్చి గట్టు మీద అడ్డంగా కూర్చుంది.

"అది నా మడిలకు దిగితే చేపలు సస్తయి, ఎడ్లు సస్తయి. పొయ్యనియ్య."

దున్నడానికి ఎడ్లిస్తామన్న వాళ్లు కూడా జారుకున్నారు. సోమక్కకు తిక్క రేగింది.

"సంపేదైతే ముందు నన్ను సంపాలె గదా," అని చెంబు ముంచి గుటుక్కున ఒక గుక్క మింగేసింది. పాడైన బెల్లం పానకంలా ఉంది.

"అది తాగేది కాదే అక్కా," అని రామనర్సయ్య తల పట్టుకున్నాడు.

"సోమక్క పురుగుల మందు తాగింది!"

హిడ్మే కేకకు ఊరు ఊరంతా కదిలింది. ఉప్పునీళ్లతో కొందరు, ఆస్పత్రికి మోసుకుపోవడానికి మంచంతో కొందరు. వాళ్లను చూసి సోమక్క మడిలోకి పరుగో పరుగు. వెనకే జనం, జనం కాళ్లు తగిలి డ్రమ్ము మడిలో బోర్లా. ఇక చూడాలి, మోకాలి లోతు బురదలో మంచం ఒక చుట్టు, హిడ్మే ఒక చుట్టు. గట్టు మీద రామనర్సయ్య మాత్రం ఎగిరెగిరి గంతులేస్తున్నాడు.

"తొక్కుండ్రి, ఆ మూలకు గూడ తొక్కుండ్రి!"

చివరికి హిడ్మే ఆమెను దొరకబుచ్చుకుని బురదలో కూలబడి భోరుమంది. "నువ్వు సస్తే నేను ఎవరితోని కొట్లాడాల్నే?"

సోమక్కకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి ఎక్కిళ్లు పట్టాయి. అవి ఆఖరి ఎక్కిళ్లేనని అందరూ కలిసి ఉప్పునీళ్లు తాగించి మరీ వదిలారు.

నాట్ల వేళకు తెట్టు కరిగిపోయింది. సోమక్క దోసెడు నీళ్లు తీసి వాసన చూసింది. ఉత్త మట్టి వాసన. ప్రాణం లేచొచ్చింది. కేకేసి పిలిచేలోపే హిడ్మే నారు కట్టతో మడిలోకి దిగింది. దిగి, వంచిన తల ఎత్తకుండానే నెమ్మదిగా అంది.

"ఇంకో డ్రమ్ము చేస్తడేమో మీ తమ్మున్ని అడుగవే. నా మడిలకు గూడ ఆ నూనె ఎప్పుడో దిగింది. నీకు చెప్పబుద్ధి గాలే."