గుంజకో ముక్క

కిషన్‌బాగ్‌లో ఏ బర్రె ఏ బర్రెకు పుట్టిందో నా మొగుడు సాయిలు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఒక్క గోలీ పేరు మాత్రం నోరు తిరగదు. నిరుడు ఆ గోలీ వేసుకునే మొహం గుమ్మడికాయలా వాచి, ఊపిరాడక చావుదాకా వెళ్లొచ్చాడు. సల్ఫామెథాక్సజోల్. మళ్లీ ఒంట్లోకి పోతే మనిషి దక్కడు, ఏ డాక్టరుకైనా ముందు ఈ పేరే చెప్పాలి అని పెద్దాసుపత్రిలో మరీమరీ చెప్పి పంపారు.

చీటీ రాసి అంగీ జేబులో పెడితే రెండుసార్లు నీళ్లపాలైంది. ఉతికింది నేనే, ఆ సంగతి వదిలేయండి. నోటికి నేర్పుదామంటే సగంలోనే నాలుక మడతపడేది. చెప్పీ చెప్పీ నా ప్రాణం విసిగిపోయింది. చివరికి ఇంటర్ చదివే మా మనస్విని ఆ పేరును నాలుగు ముక్కలు చేసింది. కొట్టంలో నాలుగు బర్రెలను కట్టేసే గుంజల వెనక, గోడ మీద సుద్దతో రాసింది. సల్ఫా, మెథ్, ఆక్స, జోల్. పాలు పితుకుతూ ఆయన బర్రెలను ఆ ముక్కలతోనే పిలిచాడు. నెల తిరిగేసరికి గడగడా అప్పజెప్పాడు. పీడ విరగడైందనుకున్నాను.

నిన్న ఈయన జ్వరం, మూత్రంలో మంట అంటే కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లాం. పడని మందేమైనా ఉందా అని డాక్టరు అడిగాడు. నేను చెప్పబోయి ఆగాను. ప్రతిచోటికీ వెంట రాలేను కదా, ఈయన్నే చెప్పనీ అనుకున్నాను. ఈయన కళ్లు మూసుకుని, పాలు పితికినట్టు వేళ్లు ఆడించాడు. మొదటి గుంజ దగ్గరే ఆగిపోయాడు.

“మొదటిదాన్ని మొన్న ఐతారం అమ్మేసినం సార్” అన్నాడు.

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. జ్వరంలో ఏదో వాగుతున్నాడనుకుని డాక్టరు మందు రాయడం మొదలుపెట్టాడు.

“సల్ఫా” అన్నాను గట్టిగా.

“మెథ్, ఆక్స, జోల్” అన్నాడు ఈయన గుక్క తిప్పుకోకుండా.

డాక్టరు కలం ఆగింది. మా ఇద్దరినీ చూసి, రాసిందాన్ని కొట్టేసి వేరే మందు రాశాడు.

దారిలో ఒక్క పెట్టున తిడదామని నోరు తెరిచాను. అంతలో ఆయనే అన్నాడు.

“జోల్ గూడ వట్టిపోయిందే. అమ్ముదామనుకున్న. ఇగ దాన్ని అమ్మను తియ్.”